నేను నోరు విప్పని మూడు రోజులు

మంచు అంటే భయం నాకు నలభై ఏళ్ళు దాటాక పట్టుకుంది. అంతకుముందు నాకు తెలిసిన నీళ్ళ భయం వేరు. నేను గోదావరి గట్టున పుట్టినదాన్ని. శ్రావణమాసంలో రేడియోలో మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో ప్రమాద హెచ్చరిక అని చెబుతుంటే మా నాన్న బియ్యం బస్తాలు అటకెక్కించడం చూస్తూ పెరిగాను. ఆ నీళ్ళు రంగు మారి వస్తాయి, చెత్తా దుంగలూ మోసుకుని వస్తాయి, వస్తున్నామని చెప్పి మరీ వస్తాయి. అమెరికాలో నేను పని చేసిన చోట అలా కాదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు కొండ మీద తెల్లగా, మాటామంతీ లేకుండా కూర్చుని ఉంటాయి. ఎన్ని ఉన్నాయో మనమే వెళ్ళి కనుక్కోవాలి. కనుక్కున్నామని పొరపడితే అవి వచ్చి సరిదిద్దుతాయి.

ఈ మధ్యే రిటైరయ్యాను. వీడ్కోలు రోజున, కొత్తగా చేరిన ఇద్దరు తెలుగు పిల్లలు కేకు ముక్కలు చేతిలో పట్టుకుని వచ్చి, "ఆంటీ, మీ కెరియర్‌లో బెస్ట్ ఫోర్‌కాస్ట్ ఏది?" అని అడిగారు. ఆఫీసులో ఆంటీ అని పిలవొద్దని రెండేళ్ళుగా చెబుతున్నాను, వినరు. ఏదో ఒక మంచి సంవత్సరం గురించి చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. వాళ్ళకి పనికొచ్చేది ఆ మంచి సంవత్సరం కాదు. అందుకని ఇది రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను. సరస్సు పేరు కూడా రాయను. పడమటి కొండల్లో అలాంటి సరస్సులు చాలా ఉన్నాయి, ఏదో ఒకటి అనుకోండి.

ఆ సరస్సు చుట్టూ మూడు నాలుగు వందల ఇళ్ళు. ఒక పక్క డబ్బున్నవాళ్ళ వేసవి ఇళ్ళు, వాటి ముందు పడవలు కట్టుకునే చెక్క వంతెనలు. రెండో పక్క, వాగు వచ్చి సరస్సులో కలిసే చోట, ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్ళ చిన్న ఇళ్ళు. నీళ్ళు బయటికి పోయే మూల ఒక ఆనకట్ట, దానికి రెండు గేట్లు. శీతాకాలంలో కొండ మీద ఎంత మంచు పడిందో చూసి, వసంతంలో ఎన్ని నీళ్ళు దిగుతాయో అంచనా వేసి, గేట్లు ఎప్పుడు ఎంత తెరవాలో చెప్పడం మా ఆఫీసు పని. మంచు ఎక్కువుంటే సరస్సుని ముందే కాస్త ఖాళీ చేసి పెట్టుకోవాలి. తక్కువుంటే ముందే గేట్లు మూసి నీళ్ళు ఆపుకోవాలి, లేకపోతే జూలైకి పడవలు బురదలో కూర్చుంటాయి.

నేను ఆ ఆఫీసు మనిషిని కూడా కాదు. ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీ నన్ను అక్కడ పెట్టింది. హెచ్‌-వన్ వీసా మీద ఉన్నాను. మా ఆయన వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో కాంట్రాక్ట్ మీద సాఫ్ట్‌వేర్ పని చేసేవాడు, మా అమ్మాయి ఆయన దగ్గరే ఉండి హైస్కూల్ చదువుతోంది. ఆయన వీసాకి ఉండే ఆరేళ్ళ గడువూ అయిపోవచ్చింది. గ్రీన్ కార్డ్ ఫైల్ చేస్తామన్నది మా కంపెనీ ఒక్కటే. అంటే ఇంటిల్లిపాదీ ఈ దేశంలో ఉండటమన్నది నా ఉద్యోగం మీద ఆధారపడి ఉంది. ఈ మాట ముందే చెబుతున్నాను. సాకుగా చెప్పడం లేదు. ఆ మూడు రోజులూ నా తలలో నీళ్ళ కంటే ఎక్కువ చోటు ఆక్రమించింది ఇదే.

కొండ మీద మాకు మూడు కొలిచే చోట్లు ఉండేవి. రెండు కింద, ఒకటి బాగా పైన. ఒక్కో చోట నేల మీద ద్రవం నింపిన పెద్ద పరుపు లాంటిది ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని దిండు అంటారు. దాని మీద పడిన మంచు బరువెంతో అది రేడియోలో చెబుతుంది. ఆ అంకెలు తీసుకుని రోజూ రిపోర్ట్ తయారు చేసే ప్రోగ్రాం నేనే రాశాను. మంచి ప్రోగ్రామే. ఎప్పుడైనా ఒక దిండు మాట్లాడకపోతే, మిగతా రెండింటినీ చూసి, దాని అంకె ఇంత ఉండొచ్చని అదే లెక్కగట్టి ఆ ఖాళీని నింపేది. నింపిన అంకె పక్కన ఒక చుక్క గుర్తు పెట్టేది.

ఆ చుక్కలు చూసి జనం ఫోన్లు చేసేవారు. ఇదేమిటి, అదేమిటి అని. మా మేనేజరు మర్యాదస్తుడు. టై కట్టుకుని ఆ కొండల్లో తిరిగిన మనిషిని ఆయన్నొక్కడినే చూశాను. ఒకరోజు వచ్చి, "ఆ చుక్కలు తీసేయలేవా? మనుషులు కంగారు పడుతున్నారు," అన్నాడు. ఒక్క నిమిషం పట్టింది. తీసేశాను. మేలు చేశాననే అనుకున్నాను.

ఇంకోటి కూడా జరిగింది. అంతకుముందు ప్రతి నెలా ఒకటో తారీఖున ఇద్దరు మనుషులు పైకి వెళ్ళి, గొట్టం గుచ్చి, చేత్తో మంచు కొలిచి వచ్చేవాళ్ళు. నేను చెబుతున్న ఏడాది అది మానేశాం. దిండ్లు ఉన్నాయి కదా, నా ప్రోగ్రాం ఉంది కదా. మానేయొద్దన్నది ఒక్కడే. గేట్ల దగ్గర పనిచేసే పెద్దాయన. ముప్పయ్యేళ్ళుగా ఆ గేట్లు ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. రోజుకి పది మాటలు కూడా మాట్లాడడు. ఆయన అన్నది ఇదే: "కొండ నాకు ఈమెయిల్ చేయదు." మేమంతా నవ్వాం.

ఆ శీతాకాలం మా దగ్గర కింద ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉంది. కింద వానలు పడ్డాయి. పెద్దగా మంచు నిలవలేదు. రిపోర్టులో అంకెలు మామూలులో సగానికి కాస్త పైన ఉన్నాయి. ఫిబ్రవరిలోనే గేట్లు మూయమని నేను రాశాను, మేనేజరు సంతకం పెట్టాడు, పెద్దాయన మూశాడు. సరస్సు నిండుతూ వచ్చింది. పడవల వాళ్ళు సంతోషించారు. కరువు ఏడాదిలో కూడా సరస్సు నింపారని మమ్మల్ని మెచ్చుకున్నారు.

మార్చిలో ఒకావిడ ఫోన్ చేసింది. వాగు పక్కన, అన్నింటికన్నా పల్లంలో ఉన్న ఇల్లు ఆవిడది. రిటైరైన స్కూల్ బస్ డ్రైవరు. ఒంటరి మనిషి. డెబ్బై ఏళ్ళ వయసులో కూడా కాళ్ళకి కర్ర స్కీలు కట్టుకుని మంచు మీద కొండెక్కేది. "కనుమ దగ్గర బోర్డు ఉంటుంది చూడు, అది కనపడటం లేదు. మంచులో ఉంది. మీ రిపోర్టులో మంచు తక్కువని రాశారేం?" అని అడిగింది. గాలికి అక్కడ పోగై ఉంటుందని చెప్పాను. ఏప్రిల్ మొదట్లో మళ్ళీ చేసింది. మళ్ళీ అదే చెప్పాను. ఏప్రిల్ చివర ఒక గురువారం మధ్యాహ్నం మూడోసారి చేసింది.

"నేను చదువుకున్నదాన్ని కాదు. నా మాట కొట్టెయ్యి. కానీ ఆ పై మిషన్ని నువ్వు ఆఖరిసారి ఎప్పుడు చూశావు?" అంది.

"రోజూ చూస్తానండి," అన్నాను.

"మిషన్నా, దాని అంకెనా?"

ఫోన్ పెట్టేశాక, ఆవిడ నోరు మూయించడానికే, పై దిండు నుంచి నేరుగా వచ్చిన అసలు సందేశాలు తెరిచాను. జనవరి మధ్యలో ఒక పెద్ద తుఫాను రోజు దాకా ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కటీ లేదు. మూడు నెలలకి పైగా ఆ దిండు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడుతున్నట్టు నా ప్రోగ్రాం దాని బదులు చెబుతూ వచ్చింది. కింది రెండు చోట్లా వాన పడి మంచు కరిగిపోతుంటే, పైన కూడా అలాగే ఉందని లెక్కగట్టింది. కింద వాన పడిన ప్రతిసారీ పైన మంచు పడి ఉంటుంది. ఎంత పడి ఉంటుందో ఎవరికీ తెలియదు.

కిటికీలోంచి నిండుగా, మెరుస్తూ సరస్సు కనపడుతోంది. దాన్ని నిండుగా చేసింది నేనే. ఇంకా నీళ్ళు దిగితే పట్టే చోటు లేదు.

సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు."

"చెప్పకు. ముందు కన్‌ఫర్మ్ చేసుకో. సెన్సర్ పోయింది, అంతే కదా? మంచు ఎక్కువుందని నీకు గ్యారంటీగా తెలుసా?"

"తెలీదు."

"మరి? తెలియనిదానికి నీ అంతట నువ్వు వెళ్ళి నా కోడ్ తప్పు అని చెబుతావా? ఫైలింగ్ వచ్చే నెల. కంపెనీకి ఒక్క కంప్లైంట్ వెళ్తే చాలు, మనం సామాన్లు సర్దుకోవాలి. పిల్లకి ఇంకా ఒక్క ఏడాది ఉంది స్కూల్. కొంచెం ఆలోచించు."

ఆయన చెడ్డవాడు కాదు. నేను వినాలనుకున్న మాటే ఆయన చెప్పాడు. ఇంకో మాట చెప్పే మనిషికి నేను ఫోన్ చేయలేదు. గమనించండి.

శుక్రవారం ఆఫీసుకి వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. మేనేజరు గదిలో పడవల సంఘం వాళ్ళు ఇద్దరు కూర్చుని కాఫీ తాగుతున్నారు. నన్ను చూపించి, "ఈవిడే మన నీళ్ళు కాపాడింది," అన్నాడు. వాళ్ళు లేచి చేయి కలిపారు. నేను నవ్వాను. బయటికొచ్చి బాత్రూమ్‌లో కూర్చుని, సోమవారం చెబుతాను, ఈ రెండు రోజుల్లో రుజువు సంపాదిస్తాను అనుకున్నాను. రుజువు సంపాదించడానికి నేనేమీ చేయలేదు. కొండెక్కే ధైర్యం నాకు ఒంటరిగా లేదు, ఎక్కించమని అడిగితే ఎందుకని అడుగుతారు.

శనివారం వెచ్చగా గాలి మొదలైంది. అలాంటి గాలికి అక్కడి వాళ్ళు గరాజ్ తలుపులు తీసుకుని, చొక్కా చేతులు మడుచుకుని, బయట కూర్చుంటారు. పిల్లలు సైకిళ్ళు తీశారు. నేను కార్‌లో సరస్సు చుట్టూ తిరిగాను. వాగు దగ్గర ఆగాను. నీళ్ళు ఇంకా తేటగానే ఉన్నాయి, తక్కువగానే ఉన్నాయి. ఆ తక్కువ చూస్తే నాకు ఎక్కువ భయం వేసింది. అటుపక్క బస్సు ఆవిడ తోటలో వంగి ఏదో నాటుతోంది. నన్ను చూసి చేయి ఊపింది. నేనూ ఊపి, కారెక్కి వచ్చేశాను.

ఆదివారం వాతావరణ సూచనలో, ఇంకో పది రోజులకి వెచ్చటి వాన రావొచ్చని చెప్పారు. మంచు మీద వెచ్చటి వాన పడితే, వాన నీళ్ళూ కరిగిన మంచూ కలిసి ఒక్కసారే దిగుతాయి. ప్రతి గంటకీ ఆ సూచన మారిందేమోనని చూశాను. ఈ వృత్తిలో నా మొత్తం అనుభవంతో ఆ రోజు నేను చేసిన పని, వాన రాకూడదని దేవుడికి మొక్కుకోవడం.

సోమవారం పొద్దున మేనేజరు దగ్గరికి కాకుండా ఆనకట్ట దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన గేటు పళ్ళ చక్రానికి గ్రీజు పెడుతున్నాడు. నిలబడి ఉన్నపళంగా చెప్పేశాను. దిండు, ప్రోగ్రాం, చుక్కలు, అన్నీ. ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"బూట్లు ఉన్నాయా?" అన్నాడు.

"కార్‌లో ఉన్నాయి."

"పద."

ఆయన మంచు బండి మీద వెనక కూర్చుని పైకి వెళ్ళాను. సగం దూరం తర్వాత వాలు ఎక్కువై బండి దిగి, కాళ్ళు దిగబడకుండా వెడల్పాటి మంచు చెప్పులు కట్టుకుని నడిచాం. అప్పటికే ఎండ ఎక్కింది. మంచు పైన చెమ్మగా, బరువుగా ఉంది. ఒకచోట నేను అడుగు వేయగానే కాళ్ళ కింద ఎక్కడో లోతున 'హుఁ' అని ఒక నిట్టూర్పు లాంటి చప్పుడు వచ్చింది, మా చుట్టూ ఉన్న మంచంతా ఒక వేలెడు కిందికి దిగింది. ఆయన చేయి పైకెత్తాడు. కదలొద్దని. ఇద్దరం అలాగే నిలబడ్డాం. పైన వాలంతా తెల్లగా, నున్నగా, మా మీదికి వంగి ఉన్నట్టు ఉంది. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. నా గుండె చప్పుడుకే ఆ మంచంతా జారి మా మీద పడుతుందేమో అనిపించింది. ఆయన చాలా నెమ్మదిగా చెట్లున్న వైపు చూపించాడు. ఒకరి తర్వాత ఒకరం, ఆయన వెళ్ళిన ఐదు నిమిషాలకి నేను, చెట్లలోకి వెళ్ళాం. అక్కడ చేరాక, బయల్దేరిన తర్వాత మొదటిసారి ఆయన మాట్లాడాడు. "వెచ్చబడింది. నిన్న వచ్చి ఉంటే ఇంత ఉండేది కాదు," అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

కొలిచే చోట ఒక ఎత్తైన ఇనుప స్తంభం, దాని మీద యాంటెన్నా ఉండాలి. ఏమీ లేదు. చదునైన మంచు మాత్రమే ఉంది. ఆయన చెట్లని చూసి గుర్తుపట్టి, "ఇక్కడే," అన్నాడు. స్తంభం మా కాళ్ళ కింద ఉంది. మేము దాని మీద నిలబడి ఉన్నాం.

కొలిచే గొట్టం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒకదానికొకటి బిగించుకుంటూ మంచులోకి దించాలి. నేల తగిలితే చేతికి తెలుస్తుంది, కొనకి మట్టి అంటుకుని వస్తుంది. మొదటి ముక్క దించాం. రెండోది బిగించాం. మూడు, నాలుగు. సంచిలో ఉన్నవన్నీ బిగించాం. ఆయన తన బరువంతా వేసి నొక్కాడు. గొట్టం పిడి దాకా దిగిపోయింది. నేల తగల్లేదు.

ఆయన పిడి మీద చేతులు పెట్టుకున్నాడు. "నా ఉద్యోగంలో ఇది రెండోసారి," అన్నాడు. మొదటిసారి ఏం జరిగిందని నేను అడగలేదు.

కిందికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తడి బట్టలతోనే మేనేజరు గదిలోకి వెళ్ళాం. పెద్దాయన ఒక్క వాక్యంలో చెప్పాడు. మేనేజరు కుర్చీలోంచి లేచాడు. గోడ మీద సరస్సు మట్టం గీసిన కాగితం వైపు చూశాడు. సరస్సు దాదాపు అంచుదాకా ఉంది. గేట్లు ఒక్కసారిగా తెరవడానికి లేదు, కింద ఏటికి పట్టే నీళ్ళకి ఒక హద్దుంది, ఆ ఒడ్డునా ఊళ్ళున్నాయి. ఎంత తొందరపడినా రోజుకి సరస్సు రెండు వేళ్ళ మందం మాత్రమే దిగుతుంది. అందుకే ఈ పనిలో ప్రతి రోజూ విలువైనదే.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని మేనేజరు నన్ను అడిగాడు.

అబద్ధం చెప్పొచ్చు. ఈ పొద్దున అని చెప్పొచ్చు. పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"గురువారం," అన్నాను.

మేనేజరు ఫోన్ అందుకుని కింది ఊళ్ళకి కబురు చేయడం మొదలుపెట్టాడు. మంగళవారం పొద్దున గేట్లు లేచాయి.

మంగళవారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో మీటింగ్. నిండిన సరస్సుని ఖాళీ చేస్తున్నారని పడవల వాళ్ళు మండిపడుతూ వచ్చారు. నేను గొట్టం ముక్కలు బల్ల మీద పరిచి కొండ మీద చూసింది చెప్పాను. అవి చూశాక గొడవ తగ్గింది. అప్పుడు వెనక వరుసలోంచి ఒకాయన లేచి, "మీకు ఇది ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు. అదే ప్రశ్న. నేను నోరు తెరిచేలోపు మేనేజరు లేచాడు. "సోమవారం కొలిచాం. మంగళవారం గేట్లు తెరిచాం," అన్నాడు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. నేను కూర్చున్నాను. బస్సు ఆవిడ ముందు వరుసలో ఉంది. నా వైపు చూసి తలూపింది. నా మాట విన్నావు, సంతోషం, అన్నట్టు.

ఎనిమిది రోజులు నీళ్ళు వదిలాం. తొమ్మిదో రోజు, బుధవారం, వాన వచ్చింది. చినుకు పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. గురువారం మధ్యాహ్నానికి వాగు రంగు మారింది. గోధుమ రంగు నీళ్ళు, దుంగలు. నా చిన్నప్పటి నది నన్ను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చినట్టు అనిపించింది. పెద్దాయనా నేనూ కొలబద్ద దగ్గర నిలబడి ప్రతి గంటకీ మట్టం రాసుకున్నాం. గంటకి ఒక గీత. తర్వాత అరగంటకి ఒక గీత. వదిలిన నీళ్ళన్నీ ఒక్క పూటలో తిరిగి వచ్చేశాయి. ఆనకట్ట మీద నిలబడితే కాంక్రీటు అరికాళ్ళకి సన్నగా వణుకుతున్నట్టు తెలిసింది. అది ఆనకట్టో నా కాళ్ళో నాకు తెలియలేదు, ఆయన్ని అడగలేదు. రోడ్డు మునిగింది. వేసవి ఇళ్ళ చెక్క వంతెనలు ఊడి ఆనకట్ట వైపు కొట్టుకొస్తుంటే, పొడుగాటి కర్రలతో వాటిని గేట్ల నోటికి అడ్డం పడకుండా తోశాం. ఒక దశలో ఆయన నా వైపు తిరిగి, "నేను పరిగెత్తమంటే ఆ కొండ వైపు పరిగెత్తు, కారు వైపు కాదు," అన్నాడు. ముప్పయ్యేళ్ళు ఆ గేట్ల దగ్గరున్న మనిషి చెప్పిన ఆ మాట నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

పరిగెత్తమని చెప్పవలసిన అవసరం రాలేదు. శుక్రవారం పొద్దున నీళ్ళు ఆగాయి. మధ్యాహ్నానికి ఒక గీత తగ్గింది. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. అందరూ ముందే ఇళ్ళు ఖాళీ చేశారు. వాగు పక్కన ఐదు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. నాలుగింట్లో మోకాటి లోతు, అవి ఎలాగైనా మునిగేవే, వాగు గట్టు ఎగువన తెగి నేరుగా వాటి మీదికి వచ్చింది. ఐదోది దిగువన, సరస్సు అంచున ఉన్న బస్సు ఆవిడ ఇల్లు. అందులోకి వాగు రాలేదు, సరస్సు వచ్చింది. గచ్చు మీద బెత్తెడు నీళ్ళు.

ఆ సాయంత్రం పెద్దాయన కొలబద్ద పుస్తకం మూస్తూ, నా వైపు చూడకుండా, "రోజుకి రెండు వేళ్ళు," అన్నాడు. నేను పోగొట్టిన రోజులు మూడు, రెండు మూళ్ళు ఆరు వేళ్ళు. బెత్తెడంటే నాలుగు. అప్పటికి ఆ లెక్క మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

తర్వాత సంగతి త్వరగా చెబుతాను. వరద మీద ఇచ్చిన రిపోర్టులో సెన్సర్ చెడిపోయిందని రాశారు. చుక్కలు తిరిగి వచ్చాయి. నెల నెలా కొండెక్కడం మళ్ళీ మొదలైంది, అందులో నేనూ ఉన్నాను, ఎక్కిన ప్రతిసారీ భయపడ్డాను. మా కంపెనీ ఫైలింగ్ చేసింది. తర్వాత ఆ ఆఫీసే నన్ను సొంత ఉద్యోగిగా తీసుకుంది. తప్పు ఒప్పుకునే మనిషి కావాలన్నాడు మేనేజరు. నేను ఎంత ఆలస్యంగా ఒప్పుకున్నానో తెలిసిన మనిషే ఆ మాట అనడం నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. మా ఆయన భయపడినట్టు మాకు ఏమీ జరగలేదు. జరిగింది ఇంకొకరికి.

పిల్లలూ, మీకు చెప్పదలుచుకున్నది కోడ్ గురించి కాదు. తప్పు కోడ్ ఎవరైనా రాస్తారు, నేను ఆ తర్వాత కూడా చాలా రాశాను. తప్పు అని తెలిసిన క్షణం నుంచి చెప్పిన క్షణం దాకా మధ్యలో ఉండే కాలం ఒకటుంది. అందులో మనం భయపడుతూ కూర్చుంటాం. భయపడుతున్నాం కాబట్టి ఏదో శిక్ష అనుభవిస్తున్నామని, ఏదో పని జరుగుతోందని అనిపిస్తుంది. ఏ పనీ జరగదు. నీళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుంటూ పోతాయి.

నీళ్ళు తీసిన రెండో రోజు బస్సు ఆవిడ ఇంటికి వెళ్ళాను. బురద వాసన, తడిసిన చెక్క వాసన. ముఖ్యమైన సామానంతా ముందే మేడ మీద గదికి చేర్చుకుంది. కింద తివాచీ ఒకటే మిగిలింది, అది నీళ్ళు పీల్చి రాయిలా ఉంది. దాన్ని బయటికి లాగడానికి ఒంటరిగా పెనుగులాడుతోంది. నేను రెండో కొస పట్టుకున్నాను.

"మీ వాళ్ళు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా ఫోటోలన్నీ పోయేవి," అంది. "థాంక్స్."

నేను తివాచీ వదిలేశాను. చెప్పాను. గురువారం ఆవిడ ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకే నాకు తెలిసిందని, సోమవారం దాకా ఎవరికీ చెప్పలేదని, శనివారం ఆవిడ చేయి ఊపినప్పుడు కూడా నాకు తెలుసని. రెండు వేళ్ళ లెక్క కూడా చెప్పాను. గోడ మీద నీటి గీత చూపించి చెప్పాను.

ఆవిడ నడుము మీద చేతులు పెట్టుకుని ఆ గీత వైపు చూసింది.

"ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది. ఉద్యోగం పోతుందని. దేశం వదిలి పోవాల్సి వస్తుందని."

"ఆ మూడు రోజులూ నిద్రపోయావా?"

"లేదు."

"నేను పోయాను," అంది ఆవిడ. "శుక్రవారం, శనివారం, ఆదివారం. హాయిగా పడుకున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు కదా."

కోపంగా అనలేదు. తర్వాత వంగి తివాచీ కొస మళ్ళీ పట్టుకుంది, నేను నా వైపు పట్టుకునేదాకా ఆగింది. ఇద్దరం దాన్ని గుమ్మం దాటించి, ఎండలోకి ఈడ్చాం.